వేసవి అల్లిక దుస్తులకు నూలు ఎంపిక

వేసవి అల్లిక దుస్తులు అనగా ఎండకాలంలో ధరించుటకు అల్లిక సూదులతో గాని, క్రోషియా కొక్కెంతో గాని చేతితో అల్లిన పలుచని దుస్తులు. చేతులు లేని పైతొడుగులు, పొట్టి చేతుల జాకెట్లు, పసిపిల్లల గౌన్లు, టోపీలు ఈ కోవకు చెందుతాయి. వీటికి నూలును ఎంచుకొనుటలో మూడు విషయాలు ముఖ్యమైనవి. నూలు చెమటను పీల్చుకోవాలి, ఇంటిలో సులభంగా ఉతుకుటకు వీలుండాలి, ధర అందుబాటులో ఉండాలి. ఈ మూడింటిని కలిపి చూచినచో తెలుగు ప్రాంతాల వేడికి పలుపేటల పత్తినూలు ఎక్కువమందికి అనువైనది. దుకాణంలో అన్నిటికంటె చవకగా కనిపించే దారం చివరకు చవక కాకపోవచ్చును. ఒక దుస్తును అల్లుటకు పదుల గంటల శ్రమ అవసరం గనుక, ధరించుటకు పనికిరాని దుస్తు వలన దారపు ఖరీదుతోపాటు ఆ శ్రమ కూడ వృథా అవుతుంది. ఖాదీ నేతకు పేరుపొందిన మెట్‌పల్లిని, ఉత్తర తెలంగాణలోని ఇతర ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని ఈ ఎంపిక గురించి ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

అల్లిక అనగానే ఉన్ని, చలికాలం గుర్తుకు రావడం సహజం. కాని అల్లిక కళ చరిత్రలో పత్తికి ఉన్నితో సమానమైన స్థానం ఉన్నది. ఇంతవరకు లభించిన అతి ప్రాచీనమైన సూదుల అల్లిక వస్తువులలో ఈజిప్టు దేశపు మేజోళ్ళు ముఖ్యమైనవి. సుమారు 11 నుండి 14 శతాబ్దాలకు చెందిన ఈ మేజోళ్ళలో అనేకం పత్తినూలుతో, నీలిమందు రంగు, తెలుపు కలిపి అల్లినవి. వేడి దేశాలలో అల్లికకు పత్తిని వాడడం కొత్త విషయం కాదని దీనివలన తెలుస్తున్నది.

తెలుగునాట నేత అతి పురాతనమైనది. సూదుల అల్లిక, క్రోషియా మాత్రం ప్రధానంగా 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల పాఠశాలల ద్వారా వ్యాపించినవి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాలలో సన్నని పత్తిదారంతో చేసే క్రోషియా లేసు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇళ్ళలో కూర్చొని లేసు అల్లే అక్కడి స్త్రీల శ్రమపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ రచించిన గ్రంథం 1982లో వెలువడినది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ తరువాత కాలంలో పాఠశాలలలో "కుట్లు, అల్లికలు" అనే పేరుతో ఈ విద్య బాలికలకు నేర్పబడినది.

20వ శతాబ్దం మధ్యభాగంలో కృత్రిమ పోగులు మార్కెట్లోకి వచ్చినవి. అమెరికాకు చెందిన డ్యుపాంట్ సంస్థ 1950లో యాక్రిలిక్ పోగును వాణిజ్యపరంగా ఉత్పత్తి చేయడం ప్రారంభించినది. ఆ తరువాత భారతదేశంలో కూడ అల్లిక దారంలో యాక్రిలిక్ వాటా బాగా పెరిగినది. ప్రస్తుతం సాధారణ దుకాణాలలో "ఊలు" అనే పేరుతో అమ్మే రంగురంగుల ఉండలలో అధికభాగం ఉన్ని కాదు, యాక్రిలిక్.

మెట్‌పల్లి, పరిసర ప్రాంతాలు

మెట్‌పల్లి పట్టణం జగిత్యాల జిల్లాలో, జగిత్యాల నుండి ఆర్మూరు వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్నది. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో వేసవి తీవ్రంగా ఉంటుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటే రోజులు ఉంటాయి. ఏప్రిల్, మే నెలలలో గాలి పొడిగా ఉండి వడగాడ్పులు వీస్తాయి. జూన్‌లో తొలకరి పడిన తరువాత గాలిలో తేమ పెరిగి ఉక్కపోత మొదలవుతుంది. కావున ఇక్కడి వేసవి దుస్తుకు రెండు గుణాలు ఉండాలి. ఎండ సమయంలో గాలి ఆడనివ్వాలి, ఉక్కపోత సమయంలో చెమటను పీల్చుకోవాలి.

నూలు విషయంలో ఈ ప్రాంతానికి విశేషమైన అనుకూలత కలదు. ఆదిలాబాదు నల్లరేగడి భూములు పత్తి సాగుకు ప్రసిద్ధి చెందినవి. మెట్‌పల్లి ఖాదీ వస్త్రాలకు పేరుపొందినది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని మహదేవపూర్ దసలి పట్టు నేతకు, సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. పల్లెలలో కురుమలు గొర్రె ఉన్నితో గొంగళ్ళు నేయడం చిరకాలంగా ఉన్నది. ఈ విధంగా పత్తి, పట్టు, ఉన్ని, కృత్రిమ పోగు అనే నాలుగు రకాల నూలు ఈ ప్రాంతంలో వాడుకలో ఉన్నది.

ఖాదీ అనగా చేతితో వడికిన నూలుతో చేమగ్గంపై నేసిన వస్త్రం. 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల సంఘం చట్టం కూడ ఖాదీని ఈ విధంగానే నిర్వచించినది. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం కాలంలో ఒంటి కదురు రాట్నం వాడుకలో ఉండేది. తరువాత పలు కదుళ్ళు గల అంబరు చరఖాలు వచ్చినవి. ఖాదీ సంస్థలు వడికించిన నూలును ప్రధానంగా తమ నేతగాళ్ళకే ఇస్తాయి కనుక విడి అమ్మకం ప్రతిచోట ఉండదు. మిల్లు నూలు చిలపల విషయం వేరు. చేనేత అవసరాల కొరకు మిల్లులు తమ నూలులో కొంత భాగాన్ని తప్పనిసరిగా చిలపల రూపంలో కట్టవలెనని కేంద్ర ప్రభుత్వ నిబంధన కలదు. 2003 నుండి 40 శాతంగా ఉన్న ఈ పరిమితి 2019లో 30 శాతానికి తగ్గించబడినది. కావున నేత పట్టణాలలో నూలు వ్యాపారుల వద్ద పత్తినూలు చిలపలు విచారించి కొనుగోలు చేయవచ్చును.

పోగుల స్వభావం

దుస్తు చల్లగా ఉండుట పోగు తేమను పీల్చే శక్తిపై కొంతవరకు, అల్లిక ఎంత వదులుగా ఉన్నది అనే దానిపై కొంతవరకు ఆధారపడి ఉంటుంది. సాధారణ గాలిలో వివిధ పోగులు తమ బరువులో సుమారుగా ఎంత శాతం తేమను నిలుపుకొంటాయో క్రింద ఇవ్వబడినది.

ఉన్ని: 16
విస్కోస్: 13
అవిసె నార: 12
పట్టు: 11
పత్తి: 8
నైలాన్: 4
యాక్రిలిక్: 1.5 నుండి 2
పాలియెస్టర్: 0.4

ఈ అంకెలను మాత్రమే చూచి నిర్ణయించరాదు. ఉన్ని అన్నిటికంటె ఎక్కువ తేమను నిలుపుకొన్నను, దాని ముడతలలో గాలి చిక్కుకొని వెచ్చదనాన్ని ఇస్తుంది. ఒక్కొక్క పోగు గుణదోషాలు ఈ విధంగా ఉన్నవి.

పత్తి: చెమటను పీల్చుకొంటుంది, చర్మానికి హాయిగా ఉంటుంది. తడిసినపుడు దీని బలం తగ్గకపోగా కొంత పెరుగుతుంది. కావున తరచు ఉతుకుటకు తట్టుకొంటుంది. పత్తికి సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణం తక్కువ. బరువు కూడ ఎక్కువ. అందువలన దళసరి నూలుతో అల్లిన పత్తి దుస్తు వేసుకొన్న కొలది క్రిందికి జారుతుంది. సన్నని నూలును వాడడమే దీనికి పరిష్కారం.

మెర్సరైజ్డ్ పత్తి: ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ 1844లో కాస్టిక్ సోడా ద్రావణంలో పత్తి పొందే మార్పులను గమనించి 1850లో పేటెంటు పొందినాడు. నూలును బిగువుగా పట్టి ఉంచి ఈ ప్రక్రియ జరిపినచో మెరుపు వచ్చునని 1890 ప్రాంతంలో హోరేస్ లో కనుగొన్నాడు. ఈ నూలు రంగును బాగా పడుతుంది, నూగు తక్కువగా ఉంటుంది, అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణ పత్తి కంటె ధర ఎక్కువ.

అవిసె నార (లినెన్): మిక్కిలి చల్లనిది, దృఢమైనది. ఉతికిన కొలది మెత్తబడుతుంది. అల్లునపుడు వేళ్ళకు గట్టిగా తగులుతుంది. ధర కూడ ఎక్కువ. పత్తితో కలిపిన మిశ్రమం అల్లుటకు సులభం.

విస్కోస్: కలప గుజ్జు మొదలగు వాని నుండి తయారయ్యే పోగు. వెదురు నూలు అనే పేరుతో అమ్మేదానిలో అధికభాగం వెదురు గుజ్జు నుండి చేసిన విస్కోసే. మెత్తదనం, చల్లదనం దీని గుణాలు. తడిసినపుడు బలం సుమారు సగానికి తగ్గుతుంది. కావున బండపై బాదుట, గట్టిగా పిండుట తగదు. రోజువారీ దుస్తు కంటె అప్పుడప్పుడు ధరించే దుస్తుకు ఇది నయం.

పట్టు: దసలి పట్టుతో సహా అన్ని పట్టునూళ్ళు తేలికైనవి, అందమైనవి. కాని ధర, సంరక్షణ రెండును భారమే. చెమట మరకలు పడిన పట్టును శుభ్రపరచుట కష్టం.

ఉన్ని: స్థానికంగా గొంగళ్ళకు వాడే ఉన్ని మొరటుగా ఉంటుంది. వాననుండి, చలినుండి రక్షణకు అది శ్రేష్ఠం. వేసవిలో ఒంటిని తాకే దుస్తుకు పనికిరాదు.

యాక్రిలిక్: తేలికైనది, చవకైనది, రంగు వెలవదు, ముడతపడదు, త్వరగా ఆరుతుంది. సంరక్షణ విషయంలో దీనికి సాటి లేదు. కాని చెమటను పీల్చుకోదు గనుక ఉక్కపోతలో ఒంటికి అంటుకొంటుంది. వేడి ఇస్త్రీ తగిలినచో శాశ్వతంగా సాగిపోతుంది. నిప్పు అంటినచో కరగి చర్మానికి అతుక్కొంటుంది. పొయ్యి వద్ద పనిచేసేవారి దుస్తులకు, పసిపిల్లల వేసవి దుస్తులకు దీనిని వాడకపోవడం మంచిది.

మిశ్రమ నూళ్ళు: పత్తితో యాక్రిలిక్ గాని, పాలియెస్టర్ గాని కలిపినచో బరువు, ఆరే సమయం తగ్గుతాయి. వేసవికి కొనే మిశ్రమంలో పత్తి సగానికి మించి ఉండుట మేలు.

నంబరు, పేట, పురి

నేతనూలు మందాన్ని నంబరుతో (కౌంటుతో) తెలుపుతారు. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వచ్చునో అదే ఆ నూలు నంబరు. 20 నంబరు నూలు ఒక పౌనుకు 20 చిలపలు, అనగా 16,800 గజాలు వచ్చును. మెట్రిక్ కొలతలో ఇది గ్రాముకు సుమారు 34 మీటర్లు. నంబరు పెరిగిన కొలది నూలు సన్నమవుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు వంటి చోట్ల వడికే అతి సన్నని నూలు పలుచని వస్త్రాల నేతకు ఉద్దేశించినది. ఇంటిలో అల్లికకు 10 నుండి 40 వరకు గల నంబరులు చాలును.

అల్లిక దారపు ఉండలపై సాధారణంగా నంబరు ఉండదు. బరువు, పొడవు, సూది కొలత ఉంటాయి. పొడవును బరువుతో భాగించినచో గ్రాముకు ఎన్ని మీటర్లో తెలుస్తుంది. వేసవి దుస్తుకు 100 గ్రాములకు సుమారు 300 నుండి 400 మీటర్లు వచ్చే దారం అనువైనది. ఇంతకంటె దళసరిదైనచో దుస్తు బరువెక్కుతుంది. మరీ సన్నమైనచో అల్లుటకు పట్టే కాలం ఎక్కువ.

పోగులను మెలిపెట్టుటను పురి అంటారు. పురి తక్కువైనచో నూలు మెత్తగా ఉండును గాని త్వరగా నూగు లేచి ఉండలు కట్టును. పురి ఎక్కువైనచో గట్టిగా ఉండి మెలికలు పడును. ఒంటిపేట నూలుతో అల్లిన బట్ట ఒక ప్రక్కకు వాలును. ఒంటిపేటలో పురి అంతయు ఒకే దిశలో ఉండుటయే ఇందుకు కారణం. రెండు, మూడు లేదా నాలుగు పేటలను వ్యతిరేక దిశలో పేనినచో ఆ వాలు పోతుంది, దారం గుండ్రంగా, దృఢంగా తయారవుతుంది. పేనిన దారం సమతూకంగా ఉన్నదా లేదా తెలుసుకొనుటకు ఒక మీటరు దారాన్ని మధ్యకు మడిచి వ్రేలాడదీయాలి. రెండు సగాలు ఒకదానిని ఒకటి చుట్టుకొనకుండ ఉన్నచో అది సమతూకంలో ఉన్నట్లు.

నేతనూలును అల్లికకు సిద్ధపరచుట

నేతనూలు అల్లికకు మరీ సన్నగా ఉంటుంది. పలుపోగులను కలిపి పేనడం ద్వారా దానిని తగిన మందానికి తీసుకొని రావచ్చును. 20 నంబరు ఒంటిపేట నూలు పది పోగులు కలిపినచో 100 గ్రాములకు సుమారు 339 మీటర్ల దారం అవుతుంది. ఇదే నంబరులో జంటపేట నూలు దొరికినచో ఐదు పోగులు చాలును.

మొదట ఒక్కొక్క చిలపను కండెకు గాని, ఉండగా గాని చుట్టుకోవాలి. తరువాత కావలసినన్ని కొనలను కలిపి, ఆ నూలుకు అప్పటికే ఉన్న చివరి పురికి వ్యతిరేక దిశలో రాట్నంపై లేదా తకిలిపై పేనాలి. పేనకుండ పోగులను ప్రక్కప్రక్కన పట్టి అల్లుట కూడ సాధ్యమే. కాని సూది మొన పోగుల మధ్య దూరి ఒకటి రెండు పోగులు తప్పిపోయే ప్రమాదమున్నది. పేనుటలో పొడవు కొంత తగ్గుతుంది.

కోరా నూలులో పత్తికి సహజంగా ఉండే మైనం వంటి పదార్థం ఉంటుంది. దానివలన కొత్త నూలు నీటిని త్వరగా పీల్చుకోదు. కావున పేనిన దారాన్ని తిరిగి చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, బట్టల సోడా కలిపిన నీటిలో మరగించాలి. లీటరు నీటికి సుమారు 5 గ్రాముల సోడా, కొద్దిగా సబ్బు చాలును. నూలు మునిగేటంత నీటిలో గంటసేపు మరగిన తరువాత నీరు పసుపుపచ్చగా మారుతుంది. అనంతరం మంచినీటితో పలుమార్లు జాడించాలి. ఈ ప్రక్రియలో నూలు బరువు సాధారణంగా నూటికి 5 నుండి 8 పాళ్ళు తగ్గుతుంది. మరగించుటకు అల్యూమినియం పాత్ర వాడరాదు, సోడా దానిని తినివేస్తుంది. స్టీలు పాత్ర వాడాలి.

అల్లికకు ముందే ఈ విధంగా మరగించుట వలన మరొక లాభం కలదు. నూలులో కుంచించుకొనిపోయే గుణం చాలవరకు ముందే తీరిపోవును.

రంగు

సులభ సంరక్షణలో ఎక్కువ ఇబ్బంది కలిగించేది రంగు. పత్తికి వాడే డైరెక్ట్ రంగులు చవకైనవి గాని ఉతికినపుడు వెలుస్తాయి. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు పోగుతో రసాయనికంగా కలిసిపోవుట వలన ఎక్కువకాలం నిలుస్తాయి. వ్యాట్ రంగులు ఉతుకులకు బాగా తట్టుకొంటాయి. ఈ తరగతికే చెందిన నీలిమందు మాత్రం రాపిడికి కొంత వదులుతుంది.

కొనుటకు ముందు చిన్న పరీక్ష చేయవచ్చును. దారపు ముక్కను తడిపి తెల్లగుడ్డపై గట్టిగా రుద్దాలి. తరువాత సబ్బునీటిలో తెల్లదారంతో కలిపి అరగంట నానబెట్టాలి. తెల్లదారానికి రంగు అంటినచో దానిని వేరొక రంగుతో కలిపి అల్లరాదు. కొత్త బట్టలను ఉప్పునీటిలో నానబెట్టినచో రంగు నిలుస్తుందనే నమ్మకం విస్తారంగా ఉన్నది. అద్దకం జరిపేటపుడు రంగు పోగును చేరుటకు ఉప్పు తోడ్పడును. అద్దకం పూర్తి అయిన తరువాత వెలిసే రంగును ఉప్పు స్థిరపరచదు.

ఒకే రంగు అయినను వేర్వేరు దఫాలలో అద్దిన నూలులో స్వల్పమైన తేడా ఉంటుంది. ఉండపై ముద్రించిన లాట్ నంబరు చూచి, ఒక దుస్తుకు సరిపడా నూలును ఒకేసారి కొనాలి. ఎండలో ఎక్కువగా తిరిగేవారికి లేత రంగులు మేలు. అవి వేడిని తక్కువగా గ్రహిస్తాయి, వెలిసినను అంతగా కనిపించదు. కోరా రంగులో ఉంచిన నూలుకు అద్దకపు ఖర్చే ఉండదు.

నమూనా ముక్క, నూలు పరిమాణం

అసలు దుస్తును ప్రారంభించుటకు ముందు 15 సెంటీమీటర్ల చదరపు నమూనా ముక్కను అల్లుకోవాలి. దీని ఆధారంగా కొలత, కావలసిన నూలు, ఉతికిన తరువాత కలిగే మార్పు అనే మూడు విషయాలు తెలుస్తాయి. ముక్క పొడవు వెడల్పులను వ్రాసుకొని, దుస్తును ఏ విధంగా ఉతుకుతామో ఆ విధంగానే ఉతికి ఆరబెట్టి మరల కొలవాలి. ఒక సెంటీమీటరు తగ్గినచో దుస్తు కూడ ఆ నిష్పత్తిలో, అనగా 15కు ఒకటి చొప్పున తగ్గుతుంది.

నూలు పరిమాణాన్ని ముక్క బరువునుండి లెక్కించవచ్చును. ఉదాహరణకు 50 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు గల ముందు, వెనుక భాగాల వైశాల్యం కలిపి 5,500 చదరపు సెంటీమీటర్లు. 35 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు గల రెండు పొట్టి చేతులు 1,050. మొత్తం 6,550. నమూనా ముక్క వైశాల్యం 225 చదరపు సెంటీమీటర్లు, బరువు 7 గ్రాములు అనుకొన్నచో 6,550ని 225తో భాగించి 7తో గుణించగా సుమారు 204 గ్రాములు వచ్చును. అంచులకు, ముడులకు, పొరపాట్లకు పదోవంతు కలిపినచో 225 గ్రాములు అవసరం.

20 నంబరు నూలు చిలప ఒకటి సుమారు 22.7 గ్రాములు తూగుతుంది. కావున పది చిలపలు 227 గ్రాములు. పది చిలపలను పది పోగులుగా కలిపి పేనినచో పై దుస్తుకు దాదాపు సరిపోవును. మరగించుటలో తగ్గే బరువును దృష్టిలో ఉంచుకొని ఒకటి రెండు చిలపలు అదనంగా కొనుట మంచిది.

ఖర్చు లెక్క

రెండు నూళ్ళ ధరలను పోల్చునపుడు ఉండ ధరను గాని, కిలో ధరను గాని నేరుగా పోల్చరాదు. పత్తి సాంద్రత సుమారు 1.54, యాక్రిలిక్ సాంద్రత సుమారు 1.17. కావున ఒకే మందం గల 50 గ్రాముల ఉండలో యాక్రిలిక్ 170 మీటర్లు ఉన్నచో పత్తి సుమారు 130 మీటర్లు మాత్రమే ఉంటుంది. 900 మీటర్లు పట్టే దుస్తుకు యాక్రిలిక్ ఆరు ఉండలు, పత్తి ఏడు ఉండలు కావాలి.

లెక్క తెలియుటకు యాక్రిలిక్ ఉండ 40 రూపాయలు, పత్తి ఉండ 60 రూపాయలు అనుకొందాము. యాక్రిలిక్ దుస్తుకు 240 రూపాయలు, పత్తి దుస్తుకు 420 రూపాయలు అవుతుంది. యాక్రిలిక్ దుస్తు ఉక్కపోతకు సహించరానిదై పదిసార్లు మాత్రమే ధరించబడినచో ఒక్కసారికి 24 రూపాయలు పడినట్లు. పత్తి దుస్తు రెండు వేసవులలో అరవైసార్లు ధరించబడినచో ఒక్కసారికి 7 రూపాయలు. ఇవి ఊహించిన అంకెలే అయినను లెక్కించే పద్ధతి అన్ని ధరలకు వర్తిస్తుంది. అదే విధంగా పట్టు లేదా అవిసె నారతో ఖరీదైన దుస్తు అల్లి, పాడవుతుందనే భయంతో పెట్టెలో దాచినచో ఆ ఖర్చు కూడ నిష్ఫలమే.

ఖర్చును తగ్గించుటకు మరికొన్ని మార్గాలు కలవు. చేతులు లేని నమూనాను ఎంచుకొన్నచో పై ఉదాహరణలో ఆరోవంతు నూలు మిగులుతుంది. చిల్లుల అల్లికకు నూలు తక్కువ పడుతుంది, గాలి కూడ బాగా ఆడుతుంది. పాత పత్తి అల్లిక దుస్తును విప్పి, నూలును చిలపగా చుట్టి, తడిపి ఆరబెట్టినచో మెలికలు పోయి తిరిగి వాడుకొనుటకు వీలవుతుంది.

అల్లునపుడు పాటించవలసినవి

పత్తినూలు సాగదు కనుక అంచులలోని సాగుడు అల్లిక త్వరగా వదులవుతుంది. అంచులను మిగిలిన భాగానికి వాడిన సూది కంటె సన్నని సూదితో అల్లాలి. భుజాల కుట్టులో సాగని నాడాను కలిపి కుట్టినచో దుస్తు జారదు. నునుపైన లోహపు సూదులపై మెర్సరైజ్డ్ నూలు జారిపోవును గనుక దానికి వెదురు సూదులు అనుకూలం. చెమట పట్టిన చేతులతో అల్లినచో లేతరంగు నూలు మాసిపోవును. వేసవిలో చేతులు తరచు కడిగి తుడుచుకొనుట అవసరం.

ఉతుకుట, భద్రపరచుట

పత్తి అల్లిక దుస్తును లోపలి వైపు బయటకు త్రిప్పి, చల్లని లేదా గోరువెచ్చని నీటిలో ఉతకాలి. యంత్రంలో వేయదలచినచో దిండు గలీబులో ఉంచి మూతి కట్టాలి. బోరునీరు కఠినజలమైనచో సబ్బు తెల్లని పొరగా మిగిలి దుస్తు బిరుసెక్కుతుంది. అటువంటి చోట సబ్బుకు బదులు డిటర్జెంటు వాడి ఎక్కువసార్లు జాడించాలి. చెమటతో తడిసిన దుస్తును ఆరబెట్టి దాచకుండ అదే రోజు ఉతుకుట వలన పసుపుపచ్చని మరకలు పడవు.

తడిసిన పత్తి అల్లిక చాల బరువుగా ఉంటుంది. దానిని దండెంపై వ్రేలాడదీసినచో నీటి బరువుకు సాగిపోతుంది. పిండకుండ తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో నులక మంచంపై గుడ్డ పరచి, అసలు ఆకారానికి సరిచేసి ఆరవేయాలి. నులక సందులనుండి గాలి ఆడుట వలన రెండు వైపుల త్వరగా ఆరును. పత్తి చీరలకు గంజి పెట్టినట్లు అల్లిక దుస్తులకు పెట్టరాదు. గంజి వలన అల్లిక బిరుసై, గాలి ఆడే సందులు మూసుకొనిపోతాయి.

ఉన్నిని తినే చిమ్మటలు పత్తిని ఆశించవు. కాని గంజి, మురికి ఉన్న పత్తిబట్టలను వెండిచేప పురుగులు కొరుకుతాయి. వానాకాలంలో తేమ ఉన్నచో బూజు పడుతుంది. పూర్తిగా ఆరిన తరువాతనే మడిచి పెట్టెలో ఉంచాలి. కొక్కేనికి తగిలించినచో భుజాలు సాగుతాయి.

నూలును గుర్తించుట

చీటీ లేని నూలు ఏ పోగుదో తెలుసుకొనుటకు కాల్చి చూచుట సులభమైన పద్ధతి. చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకొని, నీళ్ళు దగ్గర ఉంచుకొని, పెద్దలు మాత్రమే ఈ పరీక్ష చేయాలి. పత్తి, అవిసె నార, విస్కోస్ కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతాయి. ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన వాసనతో నెమ్మదిగా మండి, నలిపిన పొడి అయ్యే నల్లని ముద్ద అవుతాయి. యాక్రిలిక్, పాలియెస్టర్ కరగి గట్టి పూస వలె మిగులుతాయి. పత్తి అని అమ్మిన నూలు కాల్చగా గట్టి పూస మిగిలినచో దానిలో కృత్రిమ పోగు కలిసినదని గ్రహించవచ్చును.

ఉపయోగాన్ని బట్టి ఎంపిక

రోజువారీ పైతొడుగు: మూడు లేదా నాలుగు పేటల సాధారణ పత్తినూలు, లేత లేదా పరీక్షించిన పక్కా రంగు.

పసిపిల్లల దుస్తులు: మరగించిన కోరా పత్తినూలు. వ్రేళ్ళు చిక్కుకొనే పెద్ద చిల్లుల అల్లిక తగదు.

శుభకార్యాలకు ధరించే దుస్తు: మెర్సరైజ్డ్ పత్తి లేదా విస్కోస్ కలిసిన పత్తి.

టోపీలు, సంచులు: సాగకుండ దృఢంగా ఉండవలెను గనుక కొంచెం దళసరి పత్తినూలు. మిగిలిన నూలు ముక్కలు కూడ వీటికి ఉపయోగపడతాయి.

కొత్తగా నేర్చుకొనేవారు: పలుమార్లు విప్పి అల్లినను నూగు లేవని, పేటలు విడిపోని లేతరంగు పత్తినూలు. నల్లని దారంలో కుట్లు కనిపించవు కనుక మొదట దానిని వాడకపోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

ఖాదీ
పత్తి
రాట్నం
చేనేత
నరసాపురం
మెట్‌పల్లి